అట్టడుగు

ఆదివారం పొద్దున గచ్చిబౌలి రేంజిలో
పది మీటర్ల అవతల ఒక నల్ల చుక్క.
ఇవతల నేను.
కండక్టర్ని, ఎడమచేతి వాటం,
కోఠి నుంచి పటాన్‌చెరు దాకా వారానికి ఆరు రోజులు
ఊగే ఇనుములో నిలబడి చిల్లర లెక్కపెట్టేదాన్ని.
కదిలే బస్సులో పడనిదాన్ని
కదలని నేల మీద తూలుతున్నానంటే
ఎవరు నమ్ముతారు?

కాగితం నమ్మింది.
ఏడు. ఎనిమిది. మళ్లీ ఏడు.
అన్నీ ఎడమ పక్కకే,
స్టాపు దాటాక దిగేవాళ్లలా గుంపుగా.

కళ్లజోడు మార్చాను.
ఊపిరి పట్టే లెక్క మార్చాను.
నాలుగు వారాలు చాయ్ మానేశాను,
హైదరాబాదులో ఉండి, చాయ్!
ఆబిడ్స్‌లో తగ్గింపు ధరకి కొన్న పరుగు బూట్లను మాత్రం
అనుమానించలేదు.
పాపం, దూదిలా ఉండేవి.

హబీబుద్దీన్ సార్ వెనక నిలబడి
నా చెయ్యి చూస్తున్నాడనుకున్నాను.
మడమలు చూస్తున్నాడు.
"పరుపు మీద నిలబడి పిస్తోలు పట్టినవ్ బేటీ.
గురి తప్పితే కన్నునెందుకు అడుగుతవ్?
అడుగును అడుగు."

ఒకే మాట పొరపాటున రెండుసార్లన్నాడనుకుని
సిటీ బస్సెక్కాక, బాలానగర్ దగ్గర నవ్వుకున్నాను.

అఫ్జల్‌గంజ్‌లో చిల్లు గొడుగు కింద బక్కన్న.
పిస్తోలు మాటెత్తితే ఆరె కింద పెట్టాడు.
"గవన్నీ నాకెర్కలే. చెప్పులు చూపియ్."
బూట్లు కాదు, చెప్పులు,
రోజూ డ్యూటీకి తొడిగేవి.

బోర్లించి ఎండకెత్తి చూశాడు,
డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు.
"ఎడమ మడమ అంచు సాంతం అరిగింది.
ఎడమ బుజానికి ఏం మోస్తవ్?"
సంచి.
"ఎన్నేండ్లసంది?"
పంతొమ్మిది.

పంతొమ్మిదేళ్ల రూపాయి బిళ్లలు,
అతికించిన పది నోట్లు,
ఎడమచేత్తో చిల్లరిస్తావా అని పడ్డ తిట్లు,
అన్నీ సంచిలోంచి బుజంలోకి
బుజంలోంచి నడుంలోకి
నడుంలోంచి మడమలోకి దిగి
టికెట్టు తీసుకోకుండా అక్కడే కూర్చున్నాయి.

మావాడి పాత స్కూలు బూట్లు ఇచ్చాను, ఒకే సైజు మాది.
ఎత్తు మడమ కోసేసి
అడుగంతా ఒకే రబ్బరు అతికించాడు, గచ్చులా చదునుగా.
చీలమండ కప్పకూడదు, ముందు సగం వంగాలి,
రూలు చదివి వినిపించాను.
"వంగకుంటే అది బూటెట్లయితది, పలక గానీ."

ఎడమ మడమ కింద పెట్టడానికి
పల్చటి గట్టి అట్ట అడిగాడు.
మిషన్లు రాకముందు టికెట్ల కట్టకి వెనకుండే అట్ట
ఎందుకు దాచుకున్నానో, సంచి అడుగున దొరికింది.
సగం చందమామలా కోశాడు.
గోరంత మందం.
నూట ఎనభై.
రెండొందలిస్తే, చిల్లర లేదన్నాడు.
నాతో!

తర్వాతి ఆదివారం
మొదటిసారి నేల తగిలింది నాకు.
చల్లగా, గట్టిగా, మొహమాటం లేకుండా.
ఊగడం ఆగలేదు.
ఎవరికీ ఆగదట,
గుండె కొట్టుకుంటున్నంతసేపూ మనిషి ఊగుతాడట.
ఎంత ఊగుతున్నానో ఇప్పుడు తెలుస్తోంది, అంతే.
ఇదివరకు ఆ సంగతి
దూది తినేసేది.

తొమ్మిది.
తొమ్మిది.
ఎనిమిది, కుడికి.

కుడికి!
సార్ తల పట్టుకున్నాడు, అట్ట ఒక పొర తీయించమన్నాడు.
నేను మాత్రం ఆ చిల్లునే చూస్తూ నిలబడ్డాను.
మా బస్సుకి కుడివైపు తలుపు లేదు.
ఇన్నేళ్లలో అటువైపు దిగడం ఇదే.

సోమవారం మళ్లీ అవే చెప్పులు.
సంచి కుడి బుజానికి మార్చాను.
లక్డీకాపూల్ మలుపులో ఒకాయన ఇరవై ఇచ్చాడు.
చిల్లర కోసం చెయ్యి
ఎడమకే వెళ్లింది.
అక్కడ గాలి.